చదువుకునేవాళ్ల కోసం బాణీ కట్టాలంటే ఏం వినాలి?

అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే ఒక అబ్బాయి అడిగాడు: "మా అక్క డీఎస్సీకి ప్రిపేర్ అవుతోంది. యూట్యూబ్‌లో లోఫై (మాటల్లేని మెత్తటి దరువు సంగీతం) పెట్టుకుని చదువుతుంది. నాకు కీబోర్డు వచ్చు. మన సంగీతంలోంచి అలాంటివి నేనే చేసి ఇవ్వాలని ఉంది. ఏ రాగం తీసుకోవాలి, ఎంత వేగం ఉండాలి, ఎవరి సంగీతం విని నేర్చుకోవాలి?"

నాయనా, నేను కడపలో ముప్పై ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. గత ఆరేళ్లుగా పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం గంటల నిడివి ఉండే ట్రాకులు కూడా చేస్తున్నాను. నీ ప్రశ్న రాగంతో మొదలైంది. నేనూ రాగంతోనే మొదలుపెట్టాను, ఒక ఏడాది దండగైంది. అందుకే రాగం సంగతి తర్వాత చెప్తా. ముందు చెవి సంగతి చూద్దాం.

చెవి మన ఇంటి ముందు పడుకున్న కుక్కలాంటిది. రోజూ వచ్చే పాలాయన్ని చూసి లేవదు. కొత్త అడుగు పడిందంటే చాలు, తల ఎత్తుతుంది. కళ్లు పుస్తకం మీద ఉన్నా చెవి కాపలా కాస్తూనే ఉంటుంది. నువ్వు కట్టే బాణీ ఆ పాలాయన అడుగులా ఉండాలి. వస్తున్నట్టు తెలియాలి, కానీ ఎవరూ లేచి చూడాల్సిన పని ఉండకూడదు.

నేను చేసిన మొదటి ట్రాక్ కల్యాణి రాగంలో. వీణ, వేణువు, కింద మెత్తగా తబలా. నలభై నిమిషాలు. మా మేడ మీద గదిలో ముగ్గురు అమ్మాయిలు ఇంటర్ పరీక్షలకు చదువుతుంటే వాళ్లకిచ్చాను. సాయంత్రం దిగొచ్చి "చాలా బాగుంది మేడమ్, ఆ వేణువు వచ్చే చోటు మళ్లీ మళ్లీ విన్నాం" అన్నారు. ఒకమ్మాయి ఆ వేణువు వరుసను అచ్చంగా పాడి చూపించింది కూడా. ఎంత చదివారమ్మా అని అడిగితే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కచేరీలో "బాగుంది" అనిపించుకోవడానికి మనం ఏమేం నేర్చుకుంటామో అవన్నీ ఆ ట్రాక్‌లో వేశాను. ఎత్తుగడ, సంగతి మీద సంగతి (ఒకే వరుసను మార్చి మార్చి పలకడం), పై షడ్జమం, అంటే పై 'స' మీద కాసేపు నిలవడం. అవన్నీ చెవిని చెయ్యి పట్టుకుని లాగే పనులే.

మాటల విషయంలో అసలు రాజీ పడొద్దు. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అక్షరాల వరుసలు గుర్తుపెట్టుకుంటుంటే పక్కన జర్మన్ భాషలో ఎవరో చదువుతున్న టేపు పెట్టారు. ఆ భాష అర్థం కాకపోయినా గుర్తుపెట్టుకోవడంలో తప్పులు పెరిగాయి. ఆ తర్వాత సలామె, బాడ్లీ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో పాట ఉన్న సంగీతం ఉత్త వాద్య సంగీతం కన్నా ఎక్కువ అడ్డుపడుతుందని తేలింది. కాబట్టి అరబిక్ పాటైనా, కొరియా పాటైనా "అర్థం కాదుగా, పర్వాలేదు" అనుకోవద్దు. మనిషి గొంతు వినిపిస్తే చాలు, చెవి లేచి కూర్చుంటుంది.

మాటలు తీసేసిన తెలిసిన పాటతో కూడా చిక్కే. మాది కడప. తాళ్లపాక మాకు పక్కనే. అన్నమయ్య కీర్తనలు వీణ మీద వాయించి పెట్టమని ఎంతమంది అడిగారో. కానీ మా వైపు పిల్లలకు ఆ కీర్తనలు ఒడిలో ఉన్నప్పటి నుంచీ వచ్చు. వీణ రెండు స్వరాలు పలికేసరికి లోపల పల్లవి మొదలవుతుంది. బయట మాట లేకున్నా లోపల ఉంటుంది. జోల బాణీలతో ఇంకో ఇబ్బంది: రాత్రి పదకొండుకు నీలాంబరి రాగం వింటే మీ అక్క పుస్తకం మీదే నిద్రపోతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దీని పేరుతో చాలా ట్రాకులు అమ్ముతున్నారు. మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు విన్నారు. ఆ తర్వాత ఆకారాలను ఊహించే ఒక రకం లెక్కల్లో కాస్త మెరుగయ్యారు. ఆ మెరుగుదల పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. పైగా వాళ్లు విన్నది పరీక్షకు ముందు, పరీక్ష రాస్తూ కాదు. నువ్వు చేసే ట్రాక్ తెలివి పెంచుతుందని మీ అక్కకు చెప్పొద్దు. గదిలో ఉన్న మిగతా చప్పుళ్లను కప్పి, కుర్చీలో ఇంకో అరగంట కూర్చోబెడితే దాని పని అది చేసినట్టే.

ఇక ఎవరి సంగీతం వినాలి అన్నావు. నాకు దారి చూపించినవి కచేరీలు కావు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో మా అవ్వ కోడి కూయకముందే లేచి రాగులు విసిరేది. నేను అదే వసారాలో బుడ్డి దీపం పెట్టుకుని పాఠాలు చదువుకునేదాన్ని. విసుర్రాయి తిరిగే చప్పుడు ఒకటే తీరున సాగుతుంది. గింజ ఎక్కువ పోస్తే గొంతు కాస్త తగ్గుతుంది, గింజ అయిపోతుంటే కాస్త పలచబడుతుంది, మళ్లీ గుప్పెడు పోస్తుంది. మధ్యలో అవ్వ పాట కూడా ఉండేది, కానీ రాయి చప్పుడులో మాటలు అరిగిపోయి ఒక ఊగు మాత్రమే నా దాకా వచ్చేది. ఆ వసారాలో చదివినంత నిలకడగా నేను మళ్లీ ఎక్కడా చదవలేదు. కొన్నేళ్ల తర్వాత వీణ మీద తానం నేర్చుకుంటున్నప్పుడు, ఇది నాకు ముందే తెలుసే అనిపించింది.

తానం గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. కచేరీలో ఆలాపనకూ పల్లవికీ మధ్య వస్తుంది. ఆలాపనకు లయ బయటికి వినపడదు. పల్లవికి తాళం కట్టుబాటు ఉంటుంది. తానం ఈ రెండిటికీ నడుమ ఉంటుంది: నడక ఉంది, తాళం లేదు. వీణకు 24 మెట్లు, వాయించే తంతులు నాలుగు, పక్కన తాళపు తంతులు మూడు. తానంలో చిటికెన వేలు ఆ పక్క తంతులను మీటుతూనే ఉంటుంది. అందువల్ల శ్రుతీ లయా రెండూ ఒక్క చేతిలోంచే వస్తుంటాయి. తాళం లేదు కాబట్టి "ఇప్పుడు సమం (తాళం మొదటి దెబ్బ) వస్తుంది" అని చెవి ఎదురుచూడదు. ఎదురుచూపు లేని నడక అది. చదువుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. కచేరీ తానం పోను పోను వేగం పుంజుకుంటుంది, ఆ భాగం మనకొద్దు. మొదటి రెండు మూడు నిమిషాల్లో, మంద్ర స్థాయిలో, అంటే కింది స్వరాల్లో, నింపాదిగా నడిచే తానం ఉంటుందే, దాన్ని పట్టుకో. పెద్ద విద్వాంసుల వీణ తానాలు వెతికి ఆ చోటు మాత్రమే పదిసార్లు విను.

రెండో పాఠం ధర్మవరంలో దొరికింది. మా చెల్లెల్ని అక్కడిచ్చాం. వాళ్ల వీధిలో అప్పట్లో ఇంటింటికీ మగ్గం. ఒక్క మగ్గం పక్కన కూర్చుంటే నాడె పోయే చప్పుడు, దెబ్బ, తొక్కుడు అన్నీ విడివిడిగా వినిపించి తల నొప్పి పుడుతుంది. అదే వీధి మధ్యలో నిలబడితే ఇరవై మగ్గాలు, ఎవరి వేగం వాళ్లది, ఎవరూ ఎవరితో కలవరు. ఆ మొత్తం కలిసి ఒక వాన చినుకుల తెరలా అయిపోతుంది. మా చెల్లెలి పిల్లలు ఆ వీధి అరుగు మీదే లెక్కలు చేసుకునేవాళ్లు.

చాలా రోజుల తర్వాత బ్రయన్ ఈనో గురించి చదివాను. ఇంగ్లండ్ సంగీతకారుడు. 1975లో యాక్సిడెంటై మంచం మీద ఉన్నప్పుడు ఒక స్నేహితురాలు హార్ప్ రికార్డు పెట్టి వెళ్లిపోయిందట. శబ్దం మరీ చిన్నగా ఉంది, లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన. ఆ వాన చప్పుడులోంచి అక్కడక్కడా ఒక తంతి మాత్రం వినపడుతుంటే, సంగీతం ఇలా గదిలో వెలుతురులా కూడా ఉండొచ్చు కదా అని ఆయనకు తోచింది. 1978లో విమానాశ్రయాల కోసమని చేసిన ఆల్బమ్‌లో, మాట లేకుండా పాడిన ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు ముక్క మీద చుట్టలా తిప్పాడు. ఒక చుట్ట ఇరవై మూడున్నర సెకన్లకు, ఇంకొకటి దాదాపు 26 సెకన్లకు, మరొకటి దాదాపు 30 సెకన్లకు తిరిగి వస్తుంది. ఎప్పుడు ఏది దేనితో కలుస్తుందో ఊహించలేం. చదువుతుంటే నాకు ధర్మవరం వీధి గుర్తొచ్చింది. ఆయనకంటే చాలా ముందు ఫ్రాన్సులో ఎరిక్ సాటీ కూడా ఈ దారిలో నడిచాడు. గదిలో కుర్చీ బల్లల్లా పడి ఉండే సంగీతం అన్నాడు. 1920లో పారిస్‌లో అది వాయిస్తే జనం మర్యాదగా మాటలు ఆపి వినడం మొదలుపెట్టారట. వినొద్దు, మాట్లాడుకోండి అని ఆయనే తిరిగి తిరిగి చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు నీ కీబోర్డు మీద దీన్ని ఎలా చెయ్యాలో చెప్తాను. టేపు చుట్టలు అక్కర్లేదు, మన తాళాల జాతులు (లెక్కల రకాలు) ఉన్నాయి. నాలుగు పొరలు తీసుకో. ఒకటి ఆది తాళంలా 8 అక్షరాలకు, అంటే 8 తాళపు లెక్కలకు, తిరిగి రావాలి. ఇంకొకటి ఖండం, అంటే 5. మూడోది మిశ్రం, 7. నాలుగోది సంకీర్ణం, 9. ప్రతి పొరలో రెండు మూడు స్వరాలు చాలు, మిగతా అంతా ఖాళీ. వేగం నిమిషానికి 60, అంటే అక్షరానికి ఒక సెకను. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే మళ్లీ నాలుగూ ఒకే చోట కలిసేది 2,520 అక్షరాల తర్వాత. సరిగ్గా 42 నిమిషాలు. ఒక పూట కూర్చుని చదివే నిడివి కూడా దాదాపు అంతే. ఆ 42 నిమిషాల్లో ఒక్క క్షణం ఇంకో క్షణంలా ఉండదు, అయినా కొత్తది ఏదీ రాదు. 5 అక్షరాల పొర తరచుగా వస్తుంది కాబట్టి దాన్ని మంద్రంలో, అన్నిటికన్నా మెత్తగా పెట్టు. 9ది కాస్త పైన ఉండొచ్చు.

కింద తంబూరా ఉండాలి. కీబోర్డులో ఒక స్వరం నొక్కి పట్టుకుంటే అది శ్రుతి అనిపించుకోదు. తంబూరా తంతి కింద పెట్టే చిన్న నూలు పోగు వల్ల ఒక్క మీటులోంచే పై స్వరాలన్నీ ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి. నిశ్చలంగా ఉంటూనే కదిలే శబ్దం అది. ఎవరి దగ్గరైనా నిజమైన తంబూరా ఉంటే పది నిమిషాలు రికార్డు చేసుకో.

రాగం సంగతికి వచ్చాం. గమకం (స్వరాన్ని ఊపి పలకడం) మీద బతికే రాగాలు, తోడి, సహాన లాంటివి పక్కన పెట్టు. వాటిని ఊపకుండా పలికితే రాగానికి అన్యాయం, ఊపితే చెవి లేస్తుంది. అయిదు స్వరాల రాగాలు తీసుకో, అదీ ఏ రెండు స్వరాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండనివి. నాలుగు పొరలు ఎక్కడ ఎలా కలిసినా అపశ్రుతి పుట్టకూడదు కదా. నీ కీబోర్డులో నల్ల మెట్లు ఉన్నాయే, అవి అయిదూ అలాంటివే. వాటి మీదే ఉండు. కింద తంబూరా షడ్జమాన్ని మాత్రం మార్చు. ఎఫ్ షార్ప్ షడ్జమమైతే అవే మెట్లు మోహన. జీ షార్ప్ అయితే మధ్యమావతి. ఏ షార్ప్ హిందోళం, సీ షార్ప్ శుద్ధ సావేరి, డీ షార్ప్ శుద్ధ ధన్యాసి. దీన్నే గ్రహభేదం అంటాం. ఒక 42 నిమిషాల తర్వాత చిన్న విరామం ఇచ్చి, అవే పొరలకు కింద శ్రుతి ఒక్కటి మార్చావనుకో, గది మారినట్టు ఉంటుంది, సామాను మాత్రం అదే. కచేరీ చివర మధ్యమావతి పాడడం ఆనవాయితీ కాబట్టి దాన్ని ఆఖరున పెట్టడం నాకిష్టం. సంగీతం తెలిసిన పిల్లలకు ఆ రాగం వినగానే ఇక ముగింపు అనిపిస్తుంది, మొదట్లో పెడితే లేచిపోతారు.

మోహనతో ఒక జాగ్రత్త. గ ప ద స అని నేరుగా పైకి ఎక్కొద్దు. ఆ మెట్ల మీద మన సినిమాల్లో లెక్కలేనన్ని పాటలు ఉన్నాయి. వినేవాళ్లకు ఏదో ఒకటి తగులుతుంది, దాని వెంటే మాటలు వచ్చేస్తాయి. స్వరాల మధ్య ఎడం పెంచు. రెండు సెకన్ల ఎడం దాటితే చెవి వాటిని పాటగా కుట్టుకోదు.

లోఫై నుంచి నేర్చుకోవలసింది కూడా ఉంది, దాన్ని చిన్నచూపు చూడను. అమెరికాలో జే డిల్లా, జపాన్‌లో నుజబేస్ ఆ దారి వేసినవాళ్లలో ముఖ్యులు, ఇద్దరూ ఇప్పుడు లేరు. డిల్లా దరువును కంప్యూటర్ గీత మీద అచ్చుగుద్దినట్టు పెట్టలేదు, చేత్తో వాయించి కాస్త వెనక్కీ ముందుకీ వదిలేశాడు. ఆ సడలింపు వల్లే అది మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. నీ పొరలు కూడా మౌస్‌తో పెట్టకుండా చేత్తో వాయించు. లోఫైలో పాత రికార్డు గీతల చిటపట వేస్తారు కదా, మనకు ఆ జ్ఞాపకం ఎక్కడుంది? నేను దాని చోట చెనిక్కాయలు ఒలిచే చప్పుడు వేశాను. విత్తనాల రోజుల్లో ఆడవాళ్లు పదిమంది గుండ్రంగా కూర్చుని ఒలుస్తుంటే వచ్చే చిటపట. మాటలు లేనప్పుడు, అన్నాల వేళకు ముందు రికార్డు చేశాను. అనంతపురం పిల్లలకు అది ఏమిటో చెప్పకుండానే ఇంట్లో ఉన్నట్టు అనిపించిందట.

వాన చప్పుడు మాత్రం వెయ్యొద్దు. యూట్యూబ్‌లో సగం ట్రాకులకు వానే ఆధారం. కానీ మీది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. వాన చప్పుడు వింటే మన పిల్లలు చదువుతారా? కిటికీ దగ్గరికి పోతారు. చేలో కోసిన చెనిక్కాయ కట్టె గుర్తొస్తుంది, నాన్నకు ఫోన్ చెయ్యాలనిపిస్తుంది. నా ట్రాక్ వింటూ ఒక అబ్బాయి నిజంగా బయటికి వెళ్లి ఆకాశం చూసొచ్చాడు. వాన బదులు ఫ్యాన్ చప్పుడు వెయ్యి. ఎండాకాలం రాత్రి పెరుగన్నం తిని పడుకున్నప్పుడు తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్. మనవాళ్లందరికీ అది నెమ్మదినిచ్చే శబ్దం.

మన చెక్క భజన, ఉరుముల వాద్యం, గురవయ్యల ఢమరుకం, కడప పెద్ద దర్గాలో ఖవ్వాలీ ఇవన్నీ నాకు ప్రాణం. కానీ అవి ఒంట్లో రక్తాన్ని లేపడానికి పుట్టినవి. చదువు మధ్య విరామంలో పెట్టుకుంటే నిద్రమత్తు వదులుతుంది.

వాద్యాల్లో వేణువు, వయొలిన్, నాదస్వరం గొంతుకు మరీ దగ్గర. వీణ, మెత్తటి పియానో, జలతరంగం కింది స్వరాలు బాగా కుదురుతాయి. సన్నటి గంట శబ్దాలు వద్దు, వాటిని విన్నప్పుడల్లా చెయ్యి ఫోన్ వైపు పోతుంది, మెసేజ్ వచ్చిందేమోనని. మాట స్పష్టంగా వినపడే ప్రాంతం, టెలిఫోన్ మోసేది, 300 నుంచి 3,400 హెర్ట్జ్. నీ ముఖ్య స్వరాలను దాని కింది అంచున ఉంచు. చెవికి 2,000 నుంచి 5,000 దాకా పదును ఎక్కువ, అక్కడ ఈక్యూతో (ఒక్కో ప్రాంతపు శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనంతో) కొంచెం తగ్గించు. మొదటి నిమిషానికీ నలభయ్యో నిమిషానికీ శబ్దం ఒకే ఎత్తులో ఉండాలి.

432 హెర్ట్జ్‌లో శ్రుతి చేస్తే ఏకాగ్రత వస్తుందా అని నన్ను నెలకొకరు అడుగుతారు. మన సంగీతంలో మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు అయిదు, అయిదున్నరలో పాడతారు. ఎవరి గొంతుకు ఏది సరిపోతే అది షడ్జమం. ఒక అంకెలో మహిమ ఉందన్న మాటను నేను నమ్మను.

ట్రాక్ అయ్యాక "ఎలా ఉంది?" అని అక్కను అడగొద్దు. ఒక గంట చదివాక, అందులో ఏ వాద్యాలు ఉన్నాయని అడుగు. సరిగ్గా చెప్పలేకపోతే మంచి గుర్తు. ఒక ముక్క కూనిరాగం తీసిందంటే ఆ ముక్క తీసెయ్యి. ఇంకో పరీక్ష: ఆమె చదువుతున్నప్పుడు ఉన్నట్టుండి ఆపి చూడు. తల ఎత్తి "ఏమైంది?" అంటే దాని పని అది చేస్తున్నట్టు. ఆపినా తెలియకపోతే మరీ పలచగా ఉంది, తంబూరా కాస్త పెంచు. అయితే ఆమె పద్యాలూ నిర్వచనాలూ పైకి చదువుతూ బట్టీ పట్టే వేళ ఏ సంగీతమూ వద్దు, ఫ్యాన్ చాలు. లెక్కలు, పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు పెట్టుకోమను. పక్క గదిలోంచి అమ్మ మామూలుగా పిలిస్తే వినపడేంత శబ్దం చాలు, ఇయర్‌ఫోన్ల కన్నా చిన్న స్పీకర్ మేలు.

ట్రాక్ ముగించేటప్పుడు ఫేడ్ పెట్టి అన్నీ ఒకేసారి తగ్గించొద్దు. ముందు 9 అక్షరాల పొర ఆగాలి, ఒక నిమిషం తర్వాత 7ది, ఆ తర్వాత 8ది. ఆఖరుకు 5ది, తంబూరా మిగులుతాయి. 5ది కూడా ఆగాక తంబూరాను ఇంకో రెండు నిమిషాలు ఉంచి మెల్లగా వదిలెయ్యి. మొదటి 42 నిమిషాలు అయ్యాక నాకు పంపు, విని ఎక్కడ చెవి లేచిందో నిమిషంతో సహా రాస్తాను.